రిప్లీ ప్రెస్బిటేరియన్ చర్చి, ర్యాంకిన్ కొండ: తరచుగా అడిగే ప్రశ్నలు

సిన్సినాటి, డేటన్, కొలంబస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు ఒక రోజులో వెళ్ళొచ్చే చోటు చెప్పమంటే నేను ముందుగా రిప్లీ పేరే చెప్తాను. ఒహాయో నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చికి 1822లో పాస్టరుగా వచ్చిన జాన్ ర్యాంకిన్, ఆయన కుటుంబం, ఆయన సంఘస్తులు, ఆ చుట్టుపక్కల నల్లజాతివాళ్ళు కలిసి బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఎంతోమందిని కెనడా దారి పట్టించారు. వెళ్ళేముందు, వెళ్ళొచ్చాక మనవాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

రిప్లీ ఎక్కడుంది? ఎంత ఊరు?

ఒహాయో రాష్ట్రం దక్షిణపు అంచున, బ్రౌన్ కౌంటీలో ఉంది. సిన్సినాటి నుంచి 52వ నంబరు హైవే మీద నది పక్కనే సుమారు 50 మైళ్ళు వెళ్తే వస్తుంది. జనాభా రెండు వేల లోపే. 1812లో వర్జీనియా నుంచి వచ్చిన జేమ్స్ పోగ్ అనే ఆయన ఈ ఊరు కట్టించారు. మొదట స్టాంటన్ అనేవారు, 1816లో రిప్లీ అయింది. పడవల తయారీ, పంది మాంసం వ్యాపారం, తర్వాత పొగాకు, వీటి మీద ఊరు బతికింది. నదికి ఎదురుగా ఉన్న ఫ్రంట్ స్ట్రీట్‌లో పాత ఇటుక ఇళ్ళు ఇప్పటికీ వరసగా ఉన్నాయి. అవతలి ఒడ్డు కెంటకీ.

ప్రెస్బిటేరియన్ అంటే ఏమిటి? మన లూథరన్, బాప్టిస్ట్ చర్చిల్లాంటిదేనా?

ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ. జాన్ కాల్విన్ బోధ మీద, స్కాట్లండ్‌లో జాన్ నాక్స్ నడిపించిన సంస్కరణ మీద నిలబడింది. పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు, బాప్టిస్టులు ఇవ్వరు. అసలు తేడా సంఘం నడిచే తీరులో ఉంది. ఇక్కడ బిషప్ ఉండరు. సంఘస్తులు ఎన్నుకున్న పెద్దలు, పాస్టరు కలిసి చర్చిని నడుపుతారు. కొన్ని చర్చిలు కలిస్తే ప్రెస్బిటరీ, దానిపైన సినడ్, అన్నిటికీ పైన జనరల్ అసెంబ్లీ. పాస్టరు మీద ఫిర్యాదు వచ్చినా, ఒక సిద్ధాంతం మీద వాదన వచ్చినా ఈ సభల్లో చర్చ జరిగి ఓటు పడుతుంది. ఇది గుర్తుంచుకోండి. ర్యాంకిన్ పోరాటంలో సగం నది ఒడ్డున జరిగితే సగం ఈ సభల్లోనే జరిగింది.

తెలుగు నేల మీద ఈ పేరు పెద్దగా వినపడదు. గుంటూరు వైపు లూథరన్లు, నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులు పనిచేశారు. అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషనరీలు ఎక్కువగా పంజాబుకు, కొల్హాపూరుకు వెళ్ళారు. అయితే మదనపల్లెలో పనిచేసిన ఆర్కాట్ మిషన్ అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చిది. అది ప్రెస్బిటేరియన్లకు దగ్గర చుట్టమే. 1908లో దక్షిణాదిలోని ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఒకటయ్యాయి. ఆ ఐక్య సంఘమే 1947లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)లో కలిసింది. కాబట్టి మీరు సి.ఎస్.ఐ. వాళ్ళయితే ఈ చర్చి మీకు పూర్తిగా పరాయిది కాదు.

ఆ నదికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న భూభాగంలో బానిసత్వం ఉండకూడదని 1787లోనే శాసనం చేశారు. 1803లో ఒహాయో రాష్ట్రం బానిసత్వం లేని రాష్ట్రంగానే ఏర్పడింది. దక్షిణాన కెంటకీలో మాత్రం మనుషుల్ని కొనొచ్చు, అమ్మొచ్చు. అంటే ఒక ఒడ్డున ఆస్తి కింద లెక్కపడే మనిషి ఇంకో ఒడ్డు చేరితే మనిషి కింద లెక్క.

కానీ కాగితం మీద ఉన్నంత సులువు కాదు. నది నీళ్ళు దాదాపు మొత్తం కెంటకీ హద్దులోకే వస్తాయి. దాటి వచ్చినా 1793 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని వెంటాడి వచ్చి పట్టుకుపోవచ్చు. అందుకే రిప్లీ చేరగానే అంతా అయిపోయినట్టు కాదు. అక్కడి నుంచి ఈరీ సరస్సు దాకా వెళ్ళి, దాన్ని దాటి కెనడాలో అడుగుపెడితే గానీ భయం తీరదు.

జాన్ ర్యాంకిన్ ఎవరు?

1793లో తూర్పు టెనెసీలో పుట్టారు. చదువు చెప్పిన గురువు శామ్యూల్ డోక్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు. ఆ గురువు మనవరాలు జీన్ లౌరీని 1814లో పెళ్ళి చేసుకున్నారు. పుట్టి పెరిగినదంతా బానిసత్వం ఉన్న ప్రాంతమే. టెనెసీలో దానికి వ్యతిరేకంగా ప్రసంగించేసరికి అక్కడ ఉండటం కష్టమైంది. కొన్నేళ్ళు కెంటకీలోని కార్లైల్ దగ్గర పాస్టరుగా చేసి, 1822 కొత్త సంవత్సరం మొదట్లో కుటుంబంతో నది దాటి రిప్లీ వచ్చారు.

అప్పటి రిప్లీ పడవవాళ్ళు, సారాయి దుకాణాలు, గొడవలతో ఉండే రేవు ఊరు. గట్టిగా మాట్లాడే మనిషి కూడా కాదాయన. స్వభావం నెమ్మది, మాట మాత్రం వెనక్కి తీసుకునేవారు కాదు. ర్యాంకిన్ దంపతులకు 13 మంది పిల్లలు: తొమ్మిది మంది కొడుకులు, నలుగురు కూతుళ్ళు. రాత్రిళ్ళు గుర్రాల మీద మనుషుల్ని తర్వాతి ఊరికి చేర్చిన పని ఎక్కువగా ఆ కొడుకులదే. వేళ కాని వేళ తలుపు తట్టినవాళ్ళకు తిండి, పొడి బట్టలు, నిప్పు సెగ చూసింది జీన్. ఆమె పేరు చాలామంది తలవరు. ఆమె లేకపోతే ఆ ఇంట్లో ఏ పనీ జరిగేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

సోదరుడికి ఉత్తరాలు రాశారంటారు, ఆ సంగతేమిటి?

వర్జీనియాలో వ్యాపారం చేసుకుంటున్న సోదరుడు థామస్ బానిసల్ని కొన్నాడని ర్యాంకిన్‌కు తెలిసింది. ఇంట్లో గొడవపడి ఊరుకోలేదు. బానిసత్వం ఎందుకు పాపమో వివరిస్తూ వరసగా ఉత్తరాలు రాశారు. వాటిని 1824 నుంచి రిప్లీలోని కాస్టిగేటర్ అనే పత్రిక అచ్చువేసింది. 1826లో పుస్తకంగా వచ్చాయి.

ఆ ఉత్తరాల్లో నన్ను ఆకట్టుకునేది, ఆయన ముందుగా యజమానుల క్రూరత్వం దగ్గర మొదలుపెట్టకపోవడం. రంగు చూసి మనిషిని తక్కువగా చూసే అలవాటు దగ్గర మొదలుపెడతారు. మనిషిని బానిసగా చేశాక చదువు రానివ్వకుండా చేసి, ఆ తర్వాత చదువు రాదని వాళ్ళనే నిందించడం ఏం న్యాయమని అడుగుతారు. దయగల యజమాని ఉన్నా సరే, ఆ పద్ధతే అన్యాయమని వాదిస్తారు. ఇది 1820ల్లో, బానిసత్వాన్ని వ్యతిరేకించే పెద్ద ఉద్యమం ఇంకా మొదలవకముందు రాసిన మాట.

థామస్ మనసు మారింది. తన దగ్గరున్న వాళ్ళను విడిచిపెట్టి, తనూ ఒహాయోకు వచ్చేశాడు. 1832లో బోస్టన్‌లో విలియం లాయిడ్ గారిసన్ తన లిబరేటర్ పత్రికలో ఆ ఉత్తరాలను మళ్ళీ వేశారు. ఉద్యమానికి అంత పెద్ద నాయకుడైన గారిసన్, ఈ విషయంలో తాను ర్యాంకిన్ శిష్యుణ్ణని చెప్పుకున్నారు. ఒక పల్లెటూరి పాస్టరు ఇంటి ఉత్తరాలకు దక్కిన గౌరవం అది.

అయితే ప్రెస్బిటేరియన్లంతా బానిసత్వానికి వ్యతిరేకులేనా?

కాదు. ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోతే రిప్లీ గొప్పతనం సగమే అర్థమవుతుంది.

1818లో జనరల్ అసెంబ్లీ బానిసత్వం మానవ హక్కుల్ని ఘోరంగా ఉల్లంఘించేదని, దేవుని ధర్మానికి విరుద్ధమని తీర్మానం చేసింది. చదివితే ఎంతో బలంగా ఉంటుంది. కానీ బానిస యజమానులు సంఘ సభ్యులుగా ఉండకూడదని వాదించిన జార్జ్ బోర్న్ అనే వర్జీనియా పాస్టరును పదవి నుంచి తీసేసిన నిర్ణయాన్ని అదే అసెంబ్లీ ఖాయం చేసింది. మాట ఒకవైపు, పని ఇంకోవైపు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ తీర్మానం అలా కాగితం మీదే ఉండిపోయింది.

దక్షిణాదిలో పాస్టర్లకే బానిసలు ఉండేవారు. ఉత్తరాదిలోనూ ఎక్కువమందికి సంఘం చీలకుండా ఉండటమే ముఖ్యం. 1837లో సిద్ధాంతాల గొడవ, పరిపాలన గొడవ, వాటి వెనక బానిసత్వం గొడవ అన్నీ కలిసి ప్రెస్బిటేరియన్ సభ ఓల్డ్ స్కూల్, న్యూ స్కూల్ అని రెండుగా చీలింది. ర్యాంకిన్ న్యూ స్కూల్ వైపు ఉన్నారు. అక్కడా బానిస యజమానులకు ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) చోటు ఇస్తూనే ఉన్నారు. ఏళ్ళ తరబడి సభల్లో వాదించి, చివరికి 1847లో ఆయన, ఆయనతో ఏకీభవించిన మరికొందరు పాస్టర్లు బయటికి వచ్చి ఫ్రీ ప్రెస్బిటేరియన్ చర్చి పెట్టారు. బానిసల్ని ఉంచుకున్నవాళ్ళకు అందులో సభ్యత్వం లేదు. ఆ నిర్ణయం రిప్లీ సంఘాన్ని కూడా చీల్చింది. ఏళ్ళ తరబడి ఒకే బెంచీ మీద కూర్చుని పాటలు పాడినవాళ్ళు వేరయ్యారు. అంతకు సిద్ధపడటం చిన్న విషయం కాదు. సంఘాన్ని ప్రేమించే పాస్టరుకు ఇంకా కష్టం.

ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం వచ్చాక 1861లో దక్షిణాది ప్రెస్బిటేరియన్లు పూర్తిగా వేరైపోయారు. ఉత్తర, దక్షిణ శాఖలు మళ్ళీ ఒకటైంది ఎప్పుడో తెలుసా? 1983లో.

కొండమీద దీపం పెట్టేవారంటారు. నిజమేనా, కథా?

నిజమే. ర్యాంకిన్ కుటుంబం మొదట నది ఒడ్డున ఫ్రంట్ స్ట్రీట్‌లో ఉండేది. 1820ల చివర ఊరి వెనక కొండమీది చిన్న ఇటుక ఇంటికి మారింది. ఆ కొండ ఎత్తు 540 అడుగులు. ఊరు, నది, కెంటకీ వైపు మైళ్ళ దూరం అక్కడి నుంచి కనిపిస్తాయి. కిటికీలో కొవ్వొత్తి అని కొందరు, స్తంభం మీద లాంతరు అని కొందరు చెప్తారు. దీపం చూసినవాళ్ళలో నాకు అందరికంటే నమ్మకమైన సాక్షి ఆర్నాల్డ్ గ్రాగ్‌స్టన్.

గ్రాగ్‌స్టన్ కెంటకీలోని మేసన్ కౌంటీలో బానిసగా పుట్టారు. 1930ల్లో ప్రభుత్వం ఒకప్పటి బానిసల జ్ఞాపకాలను రాయించినప్పుడు ఆయన వయసు 97, ఉంటున్నది ఫ్లోరిడాలో. ర్యాంకిన్ గారి పెరట్లో ముప్పై అడుగుల ఎత్తున దీపస్తంభం రాత్రంతా వెలుగుతూ ఉండేదని, ఆ వెలుగు చేరితే స్వేచ్ఛేనని ఆయన చెప్పారు.

ఆయన మొదటిసారి పడవ వేసిన సంగతి తప్పకుండా చదవాల్సినది. అప్పటికి కుర్రవాడు. ఒక ఇంటికి వెళ్తే అక్కడి ముసలావిడ ఒక అమ్మాయిని నది దాటించమని అడిగింది. భయంతో ముందు కాదన్నాడు. తర్వాత ఆ అమ్మాయి ముఖం మర్చిపోలేక ఒప్పుకున్నాడు. చీకట్లో, తెడ్డు వేస్తున్నంతసేపూ వణుకుతూ, దూరాన ఆ వెలుగు చూసుకుంటూ వెళ్ళాడు. అవతలి ఒడ్డు తగలగానే ఇద్దరు మగవాళ్ళు వంగి అమ్మాయిని అందుకున్నారు. ఇంకొకరు తన చెయ్యి పట్టుకున్నారు. పట్టుబడ్డాననుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. ఆ మనిషి అడిగింది, ఆకలిగా ఉందా అబ్బాయీ, అని.

ఆ తర్వాత నాలుగేళ్ళపాటు ఆయన చాలామందిని దాటించారు. వెన్నెల లేని రాత్రుల్లోనే వెళ్ళేవారు కాబట్టి తన పడవ ఎక్కినవాళ్ళ ముఖాలు ఆయనకు తెలియవు. చీకట్లో గుర్తు మాట అడిగి, సరిగ్గా చెప్తేనే ఎక్కించుకునేవారు. చివరికి తనే భార్యతో కలిసి ఆ దీపం వైపు నది దాటి, అక్కడి నుంచి డెట్రాయిట్ వెళ్ళిపోయారు.

మంచు మీద బిడ్డతో నది దాటిన తల్లి కథ ఇక్కడిదేనా?

అవును. 1838 ఫిబ్రవరిలో నది గడ్డకట్టి, మంచు విరుగుతున్న సమయంలో ఒక తల్లి బిడ్డను ఎత్తుకుని ఆ మంచు పలకల మీదుగా దాటి వచ్చింది. తడిసి, వణుకుతూ కొండెక్కి ర్యాంకిన్ ఇంటికి చేరింది. ఒడ్డున పారిపోయేవాళ్ళ కోసం కాపు కాసిన మనిషే ఆమెను చూసి కరిగిపోయి, చెయ్యి పట్టి పైకి లాగి కొండమీది ఇల్లు చూపించాడని ర్యాంకిన్ కుటుంబం చెప్పేది.

సిన్సినాటిలోని లేన్ సెమినరీ ప్రెస్బిటేరియన్ పాస్టర్లను తయారుచేసే కళాశాల. ర్యాంకిన్ అక్కడివాళ్ళకు బాగా తెలుసు. అక్కడి ప్రొఫెసర్ కాల్విన్ స్టోకు ఆయన ఈ సంగతి చెప్పారని అంటారు. ఆ ప్రొఫెసర్ భార్య హారియెట్ బీచర్ స్టో. 1852లో ఆమె రాసిన అంకుల్ టామ్స్ క్యాబిన్ నవలలో ఎలైజా పాత్రగా మనందరికీ తెలిసిన తల్లి ఈమే.

నవల అక్కడితో ముందుకు పోతుంది. అసలు మనిషి మాత్రం కెనడా చేరాక ఊరుకోలేదు. 1841లో మళ్ళీ తిరిగి వచ్చి, కెంటకీలో మిగిలిపోయిన కూతురిని, మనవలను తీసుకుని వెళ్ళిందని ర్యాంకిన్ కొడుకులు చెప్పారు. నాకైతే మంచు మీద దాటడం కంటే ఆ వెనక్కి రావడమే పెద్ద సాహసంగా అనిపిస్తుంది.

అంటే ఇదంతా తెల్ల పాస్టరు గారి కథేనా?

కాదు. ఈ ప్రశ్న అడిగినవాళ్ళకు నేను మొదట జాన్ పార్కర్ ఇల్లు చూపిస్తాను. ఫ్రంట్ స్ట్రీట్‌లో నదికి ఎదురుగా ఉంది.

పార్కర్ 1827లో వర్జీనియాలోని నార్ఫోక్‌లో పుట్టారు. ఎనిమిదేళ్ళకే అమ్మేశారు. గొలుసులతో నడిపించి తీసుకెళ్ళి, చివరికి అలబామాలోని మొబీల్‌లో ఒక డాక్టరుకు అమ్మారు. ఆ డాక్టరు కొడుకులే రహస్యంగా ఆయనకు చదవడం నేర్పారు. ఇనుప పోత పని నేర్చుకుని, సంపాదించి, 1845లో 1,800 డాలర్లు కట్టి తనను తాను కొనుక్కున్నారు. తర్వాత రిప్లీలో సొంత ఫౌండ్రీ పెట్టారు. పొగాకు ప్రెస్ లాంటి యంత్రాలకు పేటెంట్లు పొందారు. పగలు ఫౌండ్రీ, రాత్రి పడవ. ర్యాంకిన్ తలుపు దగ్గర ఎదురుచూస్తే, పార్కర్ కెంటకీ ఒడ్డు దాటి లోపలికే వెళ్ళేవారు.

ఒక సంఘటన చెప్తాను. ఒక భార్యాభర్తలు పారిపోతారేమోనన్న అనుమానంతో యజమాని వాళ్ళ పసిబిడ్డను ప్రతి రాత్రీ తన మంచం దగ్గరే పడుకోబెట్టుకునేవాడు. పక్కన పిస్తోలు, కొవ్వొత్తి. బిడ్డను వదిలి తల్లి వెళ్ళదని అతని లెక్క. పార్కర్ చెప్పులు విప్పి, ఆ గదిలోకి పాకుతూ వెళ్ళి, బిడ్డను ఎత్తుకుని బయటపడ్డారు. వెనక తుపాకీ పేలింది. పడవ అప్పటికే నీళ్ళలో ఉంది. తల్లీ తండ్రీ బిడ్డ ముగ్గురూ అవతలి ఒడ్డు చేరారు. ఇదంతా ఆయన 1880ల్లో ఒక జర్నలిస్టుకు చెప్పిన జ్ఞాపకం. ఆ రాతప్రతి ఒక యూనివర్సిటీ లైబ్రరీలో దశాబ్దాలు పడి ఉండి, 1996లో గానీ పుస్తకంగా రాలేదు.

పార్కర్ ఒక్కరే కాదు. వర్జీనియాలో శామ్యూల్ గిస్ట్ అనే వ్యాపారి వీలునామాతో స్వేచ్ఛ పొందినవాళ్ళలో కొందరు 1819 నుంచి బ్రౌన్ కౌంటీలో ఉండేవారు. వాళ్ళకు ఇచ్చింది పంట సరిగ్గా పండని నేల. అయినా వాళ్ళ గుడిసెల్లో పారిపోయి వచ్చినవాళ్ళకు చోటు దొరికేది. పట్టుబడితే తెల్లవాడికి జరిమానానో జైలో పడేది, వీళ్ళకు మళ్ళీ బానిసత్వంలో పడే ప్రమాదం కూడా ఉండేది.

పట్టుబడితే ఏమయ్యేది?

1850లో చట్టం ఇంకా కఠినమైంది. సాయం చేసినవాళ్ళకు 1,000 డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు. అంతకు ముందూ తేలిక కాదు. పక్క ఊరు సార్డీనియాలో జాన్ మేహన్ అనే మెథడిస్ట్ బోధకుణ్ణి 1838లో పట్టి కెంటకీకి అప్పగించారు. వారాల తరబడి జైల్లో పెట్టి విచారించారు. ఆయన కెంటకీలో అడుగే పెట్టలేదు కాబట్టి నేరం అక్కడ జరగలేదని జ్యూరీ విడిచిపెట్టింది. కానీ ఆరోగ్యం, ఆస్తి రెండూ పోయాయి. 1844లో క్షయతో చనిపోయారు.

ర్యాంకిన్ తలకు కెంటకీలో వెల కట్టారు. 1841 సెప్టెంబరులో ఒక అర్ధరాత్రి కొండమీది ఇంటి మీద దాడి జరిగింది. కొట్టానికి నిప్పు పెట్టబోయారు. కొడుకులు, బంధువుల పిల్లలు తుపాకులతో ఎదుర్కొని తరిమేశారు. ఆ తర్వాత ర్యాంకిన్ పత్రికలో బహిరంగంగా హెచ్చరిక వేయించారు: అర్ధరాత్రి మా ఇంటి చుట్టూ తిరిగేవాడు తన ప్రాణానికి తనే బాధ్యుడు. పాస్టరు అలా రాయొచ్చా అని కొందరు అడుగుతారు. ఇంటి నిండా పిల్లలు, పై అంతస్తులో దాక్కున్న మనుషులు ఉన్న తండ్రి రాసిన మాటగా చదవండి.

బైబిల్లో దాసుల గురించి ఉంది కదా? యజమానులు దాన్నే చూపించలేదా?

చూపించారు. దాసులు యజమానులకు లోబడాలన్న కొత్త నిబంధన ఉత్తరాల్లోని మాటలు, ఒనేసిము అనే దాసుణ్ణి అపొస్తలుడు పౌలు తిరిగి యజమాని ఫిలేమోను దగ్గరికి పంపడం, ఇవే వాళ్ళ వాదనలు. ఎదుటివాళ్ళు ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం తీసేవారు. తప్పించుకుని వచ్చిన దాసుణ్ణి యజమానికి అప్పగించవద్దని అక్కడ స్పష్టంగా ఉంది. మనుషుల్ని దొంగిలించి అమ్మడం మరణశిక్ష పడే నేరమని నిర్గమకాండంలో ఉంది. ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చి అమ్మడం అదే కాదా అని అడిగేవారు. ఒకే గ్రంథం, ఒకే విశ్వాసం ఉన్నవాళ్ళ మధ్య వాదన కాబట్టే అది అంత తీవ్రంగా సాగింది.

మొత్తం ఎంతమందిని దాటించారు?

ర్యాంకిన్ ఇంటి మీదుగా 2,000 మందికి పైగా వెళ్ళారని అంచనా. లెక్క రాసిపెట్టుకుంటే అదే సాక్ష్యమయ్యే పని కాబట్టి చిట్టా ఉండదు. ఒకేసారి పన్నెండు మంది దాకా ఆ చిన్న ఇంట్లో తలదాచుకున్న రోజులున్నాయి.

అధ్యక్షుడు గ్రాంట్ ఇక్కడ చదివారట?

చదివారు. యులిసిస్ గ్రాంట్ పెరిగింది దగ్గర్లోని జార్జ్‌టౌన్‌లో. 1838-39లో రిప్లీలో ర్యాంకిన్ నడిపిన పాఠశాలలో చదివి, తర్వాత వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి వెళ్ళారు.

యుద్ధం తర్వాత ర్యాంకిన్ కుటుంబం ఏమైంది?

కొడుకుల్లో ఆరుగురు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు. బానిసత్వం రద్దయింది. ర్యాంకిన్ 1866 వరకు రిప్లీలో బోధించారు. 1886లో ఒహాయోలోనే ఐరన్‌టన్‌లో, 93 ఏళ్ళ వయసులో చనిపోయారు. సమాధి రిప్లీలోని మేపుల్‌వుడ్ శ్మశానంలో, జీన్ పక్కన. 1892లో అక్కడ స్మారకం నిలబెట్టారు. దాని మీది కంచు విగ్రహం చేసిన శిల్పి వాళ్ళ మనవరాలు ఎలెన్ ర్యాంకిన్ కాప్.

చర్చిలోకి, ఇంట్లోకి వెళ్ళొచ్చా?

చర్చి ఊళ్ళోనే ఉంది. మ్యూజియంలా అనుకుని తలుపు తోసుకుని వెళ్ళకండి. ఆదివారం ఆరాధనకు వెళ్ళడం అన్నిటికంటే మంచి దారి. చిన్న సంఘాల్లో కొత్తవాళ్ళను ఆప్యాయంగా పలకరిస్తారు. ఆరాధన జరుగుతుండగా ఫోటోలు తీయొద్దు.

ర్యాంకిన్ ఇల్లు ఒహాయో రాష్ట్ర చరిత్ర సంస్థ ఆధ్వర్యంలో ఉంది. ర్యాంకిన్ ఇంటికీ పార్కర్ ఇంటికీ 1997లో జాతీయ చారిత్రక స్థలం హోదా వచ్చింది. రెండూ శీతాకాలంలో మూసి ఉంటాయి, కాబట్టి ముందే వేళలు చూసుకోండి. కారు కొండపైకి వెళ్తుంది. కాళ్ళకు ఓపిక ఉంటే మెట్ల దారిన నడవండి. పారిపోయి వచ్చినవాళ్ళు ఎక్కింది ఆ ఏటవాలే, అదీ చీకట్లో.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. వాళ్ళకు ఆసక్తి ఉంటుందా? పిల్లలకు?

పెద్దవాళ్ళకు తప్పకుండా ఉంటుంది. ముందు రోజు రాత్రి గ్రాగ్‌స్టన్ కథ చెప్పి తీసుకెళ్ళండి, కొండమీద వాళ్ళే దీపం ఎక్కడుండేదని అడుగుతారు. పారిపోయి వచ్చినవాళ్ళను రహస్యంగా ఇంటి నుంచి ఇంటికి దాటించిన ఈ ఏర్పాటును అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అంటారు, పిల్లలు ఇక్కడి స్కూళ్ళలో దాని గురించి చదువుకుంటారు. రైలూ లేదు, సొరంగమూ లేదు, ఉన్నది మనుషులూ ఇళ్ళూ మాత్రమేనని అక్కడ నిలబడితే వాళ్ళకు బాగా తెలుస్తుంది. మరీ చిన్న పిల్లలకు అమ్మకాల సంగతి, కొరడాల సంగతి ఎంతవరకు చెప్పాలో మీరే చూసుకోండి. దాచకండి, భయపెట్టకండి.

దగ్గర్లో ఇంకేం చూడొచ్చు?

రెడ్ ఓక్ ప్రెస్బిటేరియన్ చర్చి. రిప్లీకి ఉత్తరాన కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న పాత రాతి కట్టడం. పాస్టరు జేమ్స్ గిలిలాండ్ సౌత్ కరోలినా నుంచి వచ్చారు. బానిసత్వానికి వ్యతిరేకంగా బోధించొద్దని అక్కడి ప్రెస్బిటరీ నోరు కట్టేస్తే, ఇక్కడికొచ్చి నోరు విప్పారు. ర్యాంకిన్ కంటే ముందు నుంచీ ఉన్న ఈ సంఘమే రిప్లీ నుంచి బయల్దేరినవాళ్ళకు చాలాసార్లు తర్వాతి మజిలీ.

తిరుగు దారిలో సిన్సినాటిలో 2004లో తెరిచిన అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ ఫ్రీడమ్ సెంటర్ చూడండి. మేసన్ కౌంటీ నుంచి విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన రెండంతస్తుల దుంగల కొట్టం అందులో ఉంది. 1830ల్లో జాన్ ఆండర్సన్ అనే వ్యాపారి, దక్షిణాదికి అమ్మకానికి నడిపించే ముందు మనుషుల్ని అందులో బంధించేవాడు. పై అంతస్తు దూలానికి ఇనుప కడియాలు ఇప్పటికీ ఉన్నాయి. కనీసం రెండు గంటలు కేటాయించండి. రిప్లీకి పొద్దున్నే బయల్దేరితే రెండూ ఒకే రోజులో చూడొచ్చు.